పోకర్‌లో రాణుల జతతో ఆల్‌ఇన్ కాల్ కొట్టి మునిగిపొయ్యా, తప్పు యాడుందో చెప్పండి

అల్లూరు_రొయ్య · రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాసింది లేదు, ఇయ్యాల మాత్రం కడుపు మండి రాస్తుండా.

కనుమ రోజు మా చెరువు గట్టు మీద షెడ్డులో ఆరుగురం పోకర్‌కి కూచున్నాం, అందరం చుట్టాలమే. తలా రెండు ముక్కలు చేతిలో, అందరికీ కలిపి ఐదు మధ్యలో బోర్డు మీద, అన్నిట్లోంచి మంచి ఐదు ముక్కలు ఎవడికి కుదిరితే కుప్ప వాడిది. తలా 200 చింతపిక్కలు, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సినవి) 1, 2. డబ్బుల్లేవు, ముందు ఎవడి కుప్ప ఖాళీ అయితే వాడు రాత్రి పులుసుకి చేపలు తోమాలి, అదీ పందెం. మా బాబాయి 8 పిక్కలకి రైజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. నాకు రాణుల జత, ఇస్పేటుదీ ఆఠీనుదీ. నేను 24 పెట్టా, మిగతావాళ్ళు పారేశారు. బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకోని ముందున్న కుప్పంతా రెండు చేతుల్తో చాప మీద ముందుకి తోసేశాడు, మొత్తం 200, ఆల్‌ఇన్. ఏరియేటర్ల మోతలో ఆయన ఏమన్నాడో కూడా వినపళ్ళా. నేను అర నిమిషం కూడా ఆగలా, కాల్, నేనూ అంతా పెట్టేశా. ఆయన తిప్పితే రెండు రాజులు. బోర్డు మీద ఒక్క రాణి రాలా, అయిపొయ్యా.

మా బావ ఇప్పటికీ ఫోన్ చేసి "ఏం అల్లూరూ, పొలుసు గోళ్ళల్లోంచి పోయిందా" అంటుండాడు. నా డౌటేందంటే, రాణుల జత అంటే ఉన్న 169 రకాల రెండు ముక్కల చేతుల్లో మూడోది. దానికి పైన ఉండేవి రెండే, ఆసుల జత, రాజుల జత. అట్టాంటిది పెట్టుకోని పారేస్తే ఇంకేం ఆడాల? ఫోల్డ్ చెయ్యాల్సిందంటే, అదే పారెయ్యాల్సిందంటే, ఎందుకో లెక్కతో చెప్పండి, ఊరికే "నీకు అర్థం కాదులే" అనొద్దు, అది మా బావ అంటానే ఉండాడు.

చీమకుర్తి_రాయి · రాత్రి 9:20

తప్పేం లేదు తమ్ముడూ. ఆ రోజు ఆయనకి రాజులు పడ్డయ్, నీకు రాణులు పడ్డయ్, అంతే. అటుది ఇటు పడుంటే ఇయ్యాల మీ బాబాయి ఇక్కడ పోస్ట్ పెట్టేవాడు. పేక ముక్కకి మొహమాటం ఉండదు.

కావలి_ప్యాసింజర్ · రాత్రి 9:24

చేప ఏంది? కొర్రమీనా బొచ్చా? అది చెప్తే గానీ నష్టం ఎంతో తేలదు.

ఒంగోలు_గిత్త · రాత్రి 9:41

రాయి అన్నా, ఎప్పుడూ ఇదే మాట నీది. ఆయన దగ్గర రాజులు ఉండటం లక్కే, కాదన్ను. కానీ తమ్ముడు అడిగింది కాల్ కరెక్టా కాదా అని, గెలిచాడా ఓడాడా అని కాదు కదా.

అల్లూరు తమ్ముడూ, ముందు పిక్కల లెక్క చూడు. మధ్యలో అప్పటికే ఆయన 200, నీవి 24, బ్లైండ్లు 3, మొత్తం 227 ఉన్నయ్. నువ్వు ఇంకా పెట్టాల్సింది 176. పెట్టినాక కుప్ప 403 అవుద్ది. 176ని 403తో భాగిస్తే 43.7 శాతం. అంటే ఇదే సీను వంద సార్లు జరిగితే అందులో 44 సార్లు గెలిస్తే చాలు, నష్టం లేదు, సగం కూడా అక్కర్లా. ఇది ఒక నంబరు. రెండో నంబరు, నీ రాణులకి ఆయన చేతి మీద గెలిచే వాటా ఎంత అనేది, దాన్నే ఈక్విటీ అంటారు. రెండోది మొదటిదానికన్నా ఎక్కువుంటే కాల్, తక్కువుంటే ఫోల్డ్.

చిక్కు ఏందంటే ఆయన చేతిలో ఏముందో నీకు తెలవదు. రాజులని తెలిస్తే నీ వాటా 18 శాతం, పారేస్తావ్. జాకీలని తెలిస్తే 81 దాటుద్ది, ఎగిరి గంతేసి పెడతావ్. అందుకే ఒక చేతి మీద కాదు, ఆయన ఆ టైములో ఏ ఏ చేతుల్తో 200 తోస్తాడో ఆ మొత్తం రేంజ్ మీద లెక్కేసుకోవాల. ఇప్పుడు చెప్పు, మీ బాబాయి ఎట్టాంటి మనిషి? ఎన్నేళ్ళనించి ఆడతన్నాడు, ఊరికే తోసే రకమా?

అల్లూరు_రొయ్య · రాత్రి 9:58

తోసే రకమా! అన్నా, మా బాబాయి కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయినాడు, ఫ్యూజు పీకింది తనే అయినా ఇంకోసారి టెస్టర్ పెట్టి చూసుకుంటే గానీ తీగ ముట్టుకోడు. రమ్మీలో కూడా ఫస్ట్ డ్రాపులే, పది ఆటల్లో ఏడు పారేస్తాడు. ఆ రాత్రి మూడు గంటల్లో ఆయన రైజ్ చేసింది నాలుగుసార్లో ఐదుసార్లో.

ఇంకోటి గుర్తొస్తుండాది. అంతకుముందు మా మామ రైజ్ చేస్తే బాబాయి ఊరికే కాల్ కొట్టాడు, చివర్లో చూపిస్తే జాకీల జత. "అంత చెయ్యి పెట్టుకోని ఏంది ఈ నసుగుడు" అని మామ తిట్టాడు కూడా.

మార్కాపురం_పలక · రాత్రి 10:15

అల్లూరూ, నువ్వు ఊరికే గుర్తొచ్చిందని రాసిన ఆ జాకీల సంగతిలోనే నీ జవాబంతా ఉంది. ఎట్లాగో చూడు.

ఏదైనా ఒక జత రావడానికి 6 దారులు. నాలుగు ఆసుల్లోంచి రెండు ఏరడం ఆరు రకాలుగానే కుదురుతుంది. ఆసు-రాజు రావడానికి మాత్రం 16 దారులు, నాలుగు ఆసులు ఇంటూ నాలుగు రాజులు, అందులో ఒకే గుర్తువి 4, వేరే వేరే గుర్తులవి 12. వీటినే కాంబోలు అంటాం. మొత్తం పేకలో రెండు ముక్కల చేతులు 1326 ఉంటాయి, 169 అనేది రకాల లెక్క, దాన్ని నమ్ముకుంటే మోసపోతాం. "నా పైన రెండే ఉన్నాయి" అని నువ్వు అన్నది రకాల లెక్కే.

మీ బాబాయి ఆసుల జత, రాజుల జత, ఆసు-రాజు, ఈ మూడిటితోనే తోస్తాడు అనుకుందాం. 6, 6, 16, మొత్తం 28. జతలు రెండిటి మీదా రాణులకి సుమారు 18.5 శాతం. ఆసు-రాజు మీద సుమారు 56, ఒకే గుర్తైతే 54, వేరేవైతే 57 దాకా. పన్నెండు పద్దెనిమిదిన్నరలు 222, పదహారు యాభై ఆర్లు 896, కూడితే 1118, దాన్ని 28తో భాగిస్తే 40. నీకు కావాల్సింది 43.7. ఫోల్డ్.

ఇప్పుడు జాకీల జత కూడా ఆ గంపలో వెయ్యి. ఇంకో 6 కాంబోలు, వాటి మీద నీకు 81.5. మొత్తం 34 మీద లెక్కేస్తే 47 దాటుతుంది. కాల్!

ఒకే ఒక్క రకం చేతి దగ్గర జవాబు తిరగబడింది. అందుకని "రాణుల జత పారేయొచ్చా" అనేది అసలు ప్రశ్నే కాదు. "మా బాబాయి జాకీలతో తోస్తాడా" అని అడుక్కోవాల్సింది. వేరేవాళ్ళు రైజ్ చేస్తే తిరిగి రైజే చెయ్యని మనిషి, నువ్వు తన మీద రైజ్ చేశాక జాకీలతో 200 తోస్తాడా?

అల్లూరు_రొయ్య · రాత్రి 10:22

తొయ్యడు అక్కా. చచ్చినా తొయ్యడు 😭

ఒంగోలు_గిత్త · రాత్రి 10:30

పలక అక్క చెప్పింది కరెక్టే గానీ ఒక్కసారి చూసినదాన్ని పట్టుకోని మరీ రాతిమీద చెక్కినట్టు అనుకోకండి. ఆ రోజు మామ రైజ్ చేసినప్పుడు మీ బాబాయి వెనకాల ఇంకా ముగ్గురు ఉండి ఉండొచ్చు, అందుకని నెమ్మదిగా పోయుండొచ్చు. నేను ఏం చేస్తానంటే ఉందా లేదా అని కాకుండా సగం వేస్తా, పావు వేస్తా. ఆ మాటకొస్తే ఆసు-రాజుతో అయినా ఈయన ప్రతిసారీ తోస్తాడని నమ్మకం ఏంది? సగం సార్లే తోస్తాడనుకుంటే 16 కాస్తా 8 అవుద్ది, అప్పుడు 20 కాంబోల మీద నీ వాటా 33, 34కి పడిపోద్ది. జాకీలు పావు వంతు కలిపినా 40 దాటదు. ఎటు తిప్పినా ఆయన మీద ఫోల్డే.

అదే నా ఫ్రెండు ఒకడున్నాడు, 10-9 ఒకే గుర్తు కనపడితే చాలు తోసేస్తాడు, వాడి మీద రాణులు పారేస్తే నన్ను చెట్టుకి కట్టేసి కొట్టాల.

చీమకుర్తి_రాయి · రాత్రి 10:44

ఇదంతా చదవడానికి బాగానే ఉంది. చాప మీద కూచోని, నలుగురు అరస్తా ఉంటే, ఎవడో పకోడీలు లాక్కుంటా ఉంటే, 222 ప్లస్ 896 బై 28 ఎవడు చేస్తాడయ్యా? నేను పాతికేళ్ళబట్టి ఆడతన్నా, మనిషి మొహం చూస్తా, అంతే. నాకు క్వారీలో బ్లాకు చూస్తే లోపల పగులుందో లేదో సుత్తితో కొట్టిన చప్పుడుకే తెలుస్తది, ఏ లెక్కా వెయ్యను.

పెన్న_గట్టు · రాత్రి 11:02

రాయి గారూ, సుత్తి చప్పుడు అనేది లెక్క కాక మరేంటండీ? మీరు వందల బ్లాకులు కొట్టారు, ఫలానా చప్పుడు వస్తే పదిట్లో ఇన్ని పగిలినవి అని మీ చెవికి పట్టుంది. ఈ అమ్మాయి కాగితం మీద రాసింది, మీరు చెవిలో రాసుకున్నారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, పిల్లలకీ ఇదే చెప్పేవాణ్ణి, మనసులో చేసినా కాగితం మీద చేసినా తప్పు తప్పే, కాగితం మీదైతే కనపడుతుంది.

ఇక ఆట మధ్యలో భాగహారాలు ఎవరూ చెయ్యరు. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు ఈక్విలాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రేంజ్ పెట్టి నొక్కితే చిటికెలో శాతం వస్తుంది. అట్లా నాలుగైదు నంబర్లు నోటికి వచ్చేస్తే చాలు. పెద్ద జతకీ చిన్న జతకీ 82-18. జతకీ దాని పైన రెండు ముక్కలకీ 55-45 చిల్లర. ఆసు-రాజుకీ ఆసు-రాణికీ సుమారు 74-26. ఇవి వచ్చినవాడు మిగతాది అంచనా వేసుకోగలడు.

అబ్బాయ్ అల్లూరూ, నువ్వు ఇంకొకటి గమనించు. నువ్వు పోగొట్టుకుంది 200 పిక్కలు. కానీ నీ తప్పు ఖరీదు 200 కాదు. 40 శాతం వాటా అనుకుంటే, 403లో 40 శాతం 161, నువ్వు పెట్టింది 176. అంటే సగటున 15 పిక్కల తప్పు. ఒంగోలు అబ్బాయి చెప్పినట్టు 33 అనుకున్నా నలభై పిక్కల చిల్లర. నువ్వు రెండొందల తప్పు చేసినట్టు ఏడుస్తున్నావు. ఆయన ఆసు-రాజు తిప్పి, నువ్వు గెలిచి ఉంటే, అదే 15 పిక్కల తప్పు చేసి కూడా మీ బావ ముందు మీసం తిప్పేవాడివి.

కావలి_ప్యాసింజర్ · రాత్రి 11:06

మాస్టారూ ఈ ఆఖరి లైను మా ఇంట్లో గోడకి రాపిస్తుండా.

అల్లూరు_రొయ్య · రాత్రి 11:20

సార్ ఇప్పుడు వెలిగింది నాకు. ఇది మా రొయ్యల కౌంటు మాదిరే ఉండాది. చెరువు బేరానికి వచ్చినోడు ఒక రొయ్యని పట్టుకోని రేటు చెప్పడు కదా, నాలుగు మూలలా వల విసిరి, పడ్డయ్యన్నీ తూకమేసి, కిలోకి ఎన్ని తూగినయ్యో దాన్నిబట్టి 40 కౌంటా 60 కౌంటా అని చెప్తాడు. నేనేమో వలలో పడ్డ పెద్ద రొయ్య ఒక్కదాన్నే పట్టుకోని ఊగినా, ఆయన దగ్గర ఆసు-రాజు ఉంటది అని.

మార్కాపురం_పలక · రాత్రి 11:31

బాగా పట్టావ్. కానీ కౌంటులో ఒక కిటుకు ఉంటుంది కదా, నువ్వే చెప్పాలి, చెరువంతా ఒకే సైజు ఉంటే 50 కౌంటు వస్తుంది, సగం 30 సగం 70 ఉన్నా దగ్గర దగ్గర అంతే చూపిస్తుంది. ఇక్కడా అంతే. నీ రాణులకి 40 అన్నాం, కానీ నిజంగా 40 ఉండే సందర్భం ఒక్కటీ లేదు. ఉంటే 18, లేకపోతే 56. ఆల్‌ఇన్ అయిపోయాక ఇది పట్టించుకోనక్కర్లేదు, సగటు చాలు. ఇంకా పిక్కలు మిగిలుండి, ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు) పడాల్సి ఉంటే మాత్రం చాలా పట్టించుకోవాలి. ఫ్లాప్‌లో ఆసో రాజో పడిందనుకో, ఆ 56 అంతా ఎగిరిపోతుంది.

అల్లూరు_రొయ్య · రాత్రి 11:36

సైజు వేరియేషన్! ఆ చెరువుకి రేటు కోసేస్తారు అక్కా, తెలుసు నాకు, పోయినేడు మాకు జరిగింది.

కావలి_ప్యాసింజర్ · మర్నాడు ఉదయం 7:50

రాత్రంతా చదివి నాకొక మెరుపులాంటి ఐడియా వచ్చింది. ఆసు-రాజు మీద 7-2 పెట్టి సాఫ్ట్‌వేర్‌లో నొక్కితే 7-2కి కూడా 33 శాతం దాకా చూపిస్తుండాది. మూడుసార్లకి ఒకసారి గెలుస్తుందన్నమాట, పేకలోకెల్లా చెత్త చెయ్యి! అట్టాంటప్పుడు ఎవడన్నా చిన్న రైజ్ చేస్తే దేంతోనైనా కాల్ కొట్టేయొచ్చుగా? 33 ఎప్పుడూ ఉంటదిగా?

ఒంగోలు_గిత్త · ఉదయం 8:15

దేవుడా. ఈ ఐడియాతో నేను ఒక ఏడాది ఆడా, అందుకే గడ్డం తెల్లబడింది.

ఆ 33 అనేది ఐదు ముక్కలూ చివరిదాకా పైసా పెట్టకుండా చూడనిస్తే వచ్చే వాటా. నిజం ఆటలో ఫ్లాప్ మీద 7 రాదు, 2 రాదు, అవతలోడు బెట్ వేస్తాడు, నువ్వు పారేస్తావ్. రివర్ మీద, అంటే ఆఖరి ఐదో ముక్కగా, వచ్చే 7 చూడటానికి నువ్వు ఉండవ్. ఒకవేళ ఫ్లాప్‌లో 7 వచ్చిందనుకో, అప్పుడైనా ధైర్యంగా ఉంటావా? కాగితం మీద 33 కాస్తా చేతికొచ్చేసరికి బాగా తగ్గిపోద్ది. పొలంలో పండింది వేరు, బస్తాలో ఇంటికొచ్చేది వేరు. ఆఖర్న మాట్లాడే చోట కూచున్నోడికి ఎక్కువ ఇంటికొస్తది, ముందు మాట్లాడేవాడికి తక్కువ. ఒకే గుర్తు వరస ముక్కలు, 8-7 లాంటివి, వాటి వాటాని బాగానే ఇంటికి తెస్తయ్. విడి గుర్తు 7-2 లాంటివి దార్లోనే పోగొడతయ్.

పెన్న_గట్టు · ఉదయం 9:05

దానికి తోడు ఔట్ల (మన చెయ్యి గెలవడానికి ఇంకా రావాల్సిన ముక్కల) లెక్కలో చాలామంది చేసే పొరపాటు కూడా చెప్పేస్తాను. ఫ్లాప్ మీద నీవీ బోర్డువీ కలిపి నాలుగు ముక్కలు ఒకే గుర్తు ఉంటే తొమ్మిది ఔట్లు, తొమ్మిది నాలుగులు 36 శాతం అంటారు. నిజం లెక్క 35, దగ్గరే. కానీ నాలుగుతో హెచ్చవేయడం రెండు ముక్కలూ చూస్తేనే, అంటే ఆల్‌ఇన్ అయితేనే. టర్న్ (నాలుగో ముక్క) మీద మళ్ళీ బెట్ వస్తుందనుకుంటే రెండుతో హెచ్చవెయ్యాలి, 18, నిజం లెక్క 19 చిల్లర. ఇక అవతలివాడి దగ్గర సెట్ (ఒకే అంకె ముక్కలు మూడు) ఉంటే బోర్డు మీద జత పడగానే నీ ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు ముక్కలు) కాస్తా బూడిద, అప్పుడు 35 కాస్తా పావు వంతుకి దిగుతుంది. ఇదీ రేంజ్ సంగతే, ఔట్లు కూడా ఆయన చేతినిబట్టి శుభ్రమో మురికో.

మార్కాపురం_పలక · మధ్యాహ్నం 1:10

లంచ్ టైములో ఒక లెక్క ఇస్తున్నా, సరదాగా చెయ్యండి. ప్రీ-ఫ్లాప్ (బోర్డు పడకముందు) కన్నా రివర్ మీద రేంజ్ లెక్క తేలిక, ఇంక ముక్కలు రావు కాబట్టి వాటా అంటే మనం గెలిచే కాంబోలు బై మొత్తం కాంబోలు, అంతే.

బోర్డు: ఇస్పేటు రాజు, ఇస్పేటు 9, డైమన్ 4, కళావరు 7, ఆఠీను 2. నీ చేతిలో డైమన్ ఆసు, డైమన్ రాజు. ప్రీ-ఫ్లాప్ నీ రైజ్ అవతలివాడు కాల్ చేశాడు, ఫ్లాప్, టర్న్ నువ్వు బెట్ వేస్తే కాల్ చేశాడు. రివర్ మీద నువ్వు చెక్ చేస్తే (ఏమీ పెట్టకుండా వదిలితే), 60 పిక్కల పాట్‌లోకి, అంటే మధ్య కుప్పలోకి, 60 పెట్టాడు. కాల్ ఆ ఫోల్డ్ ఆ?

కావలి_ప్యాసింజర్ · మధ్యాహ్నం 1:25

నేను చేస్తా. 60 పెట్టాల, మొత్తం 180 అవుద్ది, మూడో వంతు, 33 శాతం కావాల. నన్ను కొట్టేవి: 9ల జత 6, 7ల జత 6, 4ల జత 6, రాజు-9 ఒకే గుర్తువి 4. మొత్తం 22. అమ్మో. 22కి నాకు 11 బ్లఫ్‌లు (చేతిలో ఏమీ లేకుండా పెట్టేవి) కావాల. యాడున్నయ్ అన్ని? ఫోల్డ్.

ఒంగోలు_గిత్త · మధ్యాహ్నం 1:40

ప్యాసింజరూ, బోర్డు మీద 9 ఒకటి పడి ఉంది కదయ్యా కళ్ళ ముందు. ఇంక పేకలో మిగిలినవి మూడే 9లు, మూడిట్లోంచి రెండంటే 3 కాంబోలే, 6 కాదు. 7లూ 4లూ అంతే, 3, 3. రాజు-9లో ఇస్పేటు రెండూ బోర్డు మీదున్నయ్, డైమన్ రాజు నీ చేతిలోనే ఉంది, మిగిలేది ఆఠీనుదీ కళావరుదీ, 2. మొత్తం 11. రాజుల జత ఉంటే ప్రీ-ఫ్లాప్‌లోనే నీ మీద తిరిగి రైజ్ చేసుండేవాడు, 2ల జతతో ఇంతదాకా రాడు. రాజు-రాణి ఉంటే చెక్ చేస్తాడు గానీ పాట్ మొత్తం పెట్టడు.

11 మీద మూడో వంతు కావాలంటే ఐదున్నర, ఆరు బ్లఫ్‌లు చాలు. ఫ్లష్ తప్పిపోయిన ఇస్పేట్లు చూడు, ఆసు-రాణి, ఆసు-జాకీ, ఆసు-10, రాణి-జాకీ, రాణి-10, జాకీ-10. లెక్కపెట్టుకో, ఆరు. 17లో 6, 35 శాతం. ఈకవాసి కాల్.

మార్కాపురం_పలక · మధ్యాహ్నం 1:52

శభాష్. ఇప్పుడు ఒక్క ముక్క మారుస్తా. నీ చేతిలో డైమన్ ఆసుకి బదులు ఇస్పేటు ఆసు ఉంది, రాజు డైమన్‌దే. మిగతాదంతా అదే. ఇప్పుడు?

అల్లూరు_రొయ్య · మధ్యాహ్నం 2:30

మేత వేసి ఇప్పుడే వచ్చినా. ఇస్పేటు ఆసు అంటే ఇంకా మంచిదేగా అక్కా? చెయ్యేమో మారలా, అదే రాజుల జత, అదే ఆసు కిక్కరు (జత పక్కన ముక్క).

ఉండు ఉండు. ఆసు నా దగ్గరుంటే ఆయన దగ్గర ఉండదు. ఆసు-రాణి, ఆసు-జాకీ, ఆసు-10 ఇస్పేట్లు మూడూ ఎగిరిపొయ్యె. మిగిలింది 3 బ్లఫ్‌లు. నన్ను కొట్టేవి మాత్రం అట్నే 11. 14లో 3 అంటే 21. ఫోల్డా??

చేతిలో ముక్క మంచిదయ్యే కొద్దీ పారెయ్యాల్సి రావడం ఏందక్కా ఇది, మనుషులాడే ఆటేనా?

మార్కాపురం_పలక · మధ్యాహ్నం 2:41

ఫోల్డే. నీ చేతి బలం మారలేదు, అవతలివాడి గంపలో సరుకు మారింది. ప్రీ-ఫ్లాప్‌లో కూడా ఇంతే, నీ దగ్గర ఆసు-రాజు ఉంటే అవతలివాడికి ఆసుల జత వచ్చే దారులు 6 నుంచి 3కి పడిపోతాయి, రాజుల జత కూడా 3. మీ బాబాయి తోసినప్పుడు నీ దగ్గర రాణులు ఉన్నాయి, అవి ఆయన ఆసుల్నీ రాజుల్నీ ఏమీ తగ్గించలేదు.

చీమకుర్తి_రాయి · సాయంత్రం 6:20

నేను ఒప్పుకోని ఒక మాట ఉంది ఇందులో. ఆ ఆరు ఇస్పేట్లతోనూ మనిషి బ్లఫ్ చేస్తాడని ఎవరు చెప్పారు? ఈ తమ్ముడి బాబాయిని కూచోబెట్టండి ఆ సీట్లో. ఒక్క ఇస్పేటుతో కూడా పెట్టడు. ఆయన 60 పెట్టాడంటే ఆ 11లోదే. మీ 35 సున్నా అవుద్ది. అందుకే నేను మొహం చూస్తానంది.

ఒంగోలు_గిత్త · సాయంత్రం 6:34

ఇప్పుడు నువ్వు మాట్లాడింది అచ్చంగా రేంజే అన్నా 😂 పాతికేళ్ళబట్టి వేస్తన్నావ్, పేరు తెలవదు అంతే. ఆయన మీద ఫోల్డ్, నా ఫ్రెండు మీద కాల్. కాంబోలు అనేవి ఎన్ని ఉండొచ్చో చెప్తయ్, ఎన్నిటితో పెడతాడో మనిషి చెప్పాల.

చీమకుర్తి_రాయి · సాయంత్రం 6:50

సరేలే. అయినా రమ్మీ తెలివి ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, మన ఆంధ్రప్రదేశ్ కేసే అది, అందులోనే మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టం అని కూడా రాశారు. ఈ పోకర్ రెండిటికీ మధ్యలో యాడో ఉంది. ఆన్‌లైన్‌లో ఆడి చూద్దామని...

అడ్మిన్ · సాయంత్రం 7:05

అక్కడే ఆపండి రాయి గారూ. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చాక దేశమంతా అదే మాట. సైట్ల పేర్లు, యాప్ లింకులు పెడితే పోస్టు తీసేస్తాం. చింతపిక్కల మీద ఎంతసేపైనా మాట్లాడుకోండి.

కావలి_ప్యాసింజర్ · సాయంత్రం 7:08

చింతపిక్కల మీద జీఎస్టీ ఉందా అడ్మిన్ గారూ

అల్లూరు_రొయ్య · ఆదివారం రాత్రి 11:48

అందరికీ మళ్ళీ నమస్తే. ఇయ్యాల మళ్ళీ కూచున్నాం షెడ్డులో. జరిగింది చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

అవే 200 పిక్కలు, అవే బ్లైండ్లు. బాబాయి 8, నాకు జాకీల జత, నేను 24. మళ్ళీ కళ్ళజోడు నుదుటి మీదికి పొయ్యింది. మళ్ళీ కుప్పంతా ముందుకి. నా గుండె కొట్టుకోడం ఏరియేటర్ కన్నా గట్టిగా వినపడుతుండాది నాకు. కావాల్సింది అదే 44. రాణుల జత, రాజుల జత, ఆసుల జత, ఆసు-రాజు, ఇవేగా ఈయన తోసేవి, వాటి మీద జాకీలకి 36 అని రాత్రే సాఫ్ట్‌వేర్‌లో చూసి పెట్టుకున్నా. మా బావ వెనకనించి "కాల్ కొట్రా, చేపలు రెడీగా ఉండయ్" అంటుండాడు. పారేసినా. బోర్లా పెట్టి పారేసినా.

బాబాయి తన ముక్కలు చూపించలా. మిగతా పేకలో కలిపేసి, నా మొకంలోకి ఒకసారి చూసి, మంచినీళ్ళు అందుకోమన్నాడు, అంతే.

అయిపొయ్యాక మా పిన్ని వంటకాడ మెల్లగా చెప్పింది, టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు వెనకనించి చూసిందంట, ఆసు-రాజు అంట. బాబాయిని అడిగితే "మీ పిన్నికి కళావరుకీ ఇస్పేటుకీ తేడా తెలవదు, ఆమె మాట పట్టుకోని..." అని టవలు దులుపుకుంటా లేచిపోయినాడు.

మార్కాపురం_పలక · ఆదివారం రాత్రి 11:55

ఆసు-రాజే అయినా నువ్వు పారేసింది కరెక్టే. పోయినసారి చేసిన తప్పు ఈసారి చెయ్యలేదు.

ఒంగోలు_గిత్త · ఆదివారం రాత్రి 11:57

ముక్కలు చూపించకుండా కలిపేశాడు చూడు, ఆ మనిషి మనందరికన్నా పెద్ద ఆటగాడు.

కావలి_ప్యాసింజర్ · అర్ధరాత్రి 12:01

అదంతా సరే, ఇంతకీ ఈసారి చేపలు ఎవరు తోమారు?

అల్లూరు_రొయ్య · అర్ధరాత్రి 12:04

నేనే. తర్వాతి చేతిలో మా బావ తోస్తే 10ల జతతో కాల్ కొట్టినా, వాడి మీద 55 దాకా ఉంటదని లెక్కేసుకోనే కొట్టినా. రాణి-జాకీ చూపించాడు. రివర్ మీద రాణి.

కొర్రమీను, మూడు కిలోలు.